రామప్పను చూడవచ్చినవారికి మనం ఏం పెడుతున్నాం?

చారిత్రక స్థలాల దగ్గర, మ్యూజియంల దగ్గర భోజనశాలలకు అనుమతులిచ్చే, టెండర్లు పిలిచే, అద్దెలు వసూలు చేసే అధికారులందరికీ నమస్కారం.

ఫలానా శాఖకు అని పేరు పెట్టి రాయకపోవడానికి కారణం ఉంది. గుడి కేంద్రానిది. గుడి ముందున్న రోడ్డు రాష్ట్రానిది. రోడ్డు పక్క జాగా పంచాయతీది. ఆ జాగాలో వేసిన రేకుల షెడ్డు ఇంకెవరిదో. ఆ షెడ్డులో తినడానికి ఏం దొరుకుతుందన్నది మాత్రం ఎవరి పనీ కాదు. అందుకని అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

హనుమకొండలో ఇల్లున్న ప్రతి కుటుంబానికీ జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. వచ్చిన చుట్టాలకు ఊరు చూపించడం. 2021 జులైలో రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తరువాత ఈ ఉద్యోగంలో పని బాగా పెరిగింది. ఎన్నడూ రాని వేలువిడిచిన చుట్టాలు కూడా వస్తున్నారు. సంతోషమే. ఒకరోజు వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు, ఖిలా వరంగల్. మరునాడు పొద్దున్నే బయలుదేరి రామప్ప, అటునుంచి లక్నవరం. చూపించడానికి, చెప్పడానికి మనకేం కొరత? వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడని చెబుతాను. రామప్ప గుడిని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, పునాదిలో ఇసుక నింపారని, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయని చెబుతాను. అందరూ నోళ్లు తెరుచుకుని వింటారు. మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది. "చిన్నమ్మా, ఇక్కడ తినవలసింది ఏమిటి?" అని అడుగుతారు. అక్కడ నా నోరు మూతపడుతుంది.

జవాబు తెలియక కాదు. తెలిసిన జవాబు అక్కడ దొరకదు కనుక.

ఆమధ్య చుట్టాలతో ఒక చారిత్రక స్థలం దగ్గరి భోజనశాలకు వెళ్లాను. ఏదో చెప్పను, మీరు ఏది అనుకున్నా పెద్ద తేడా ఉండదు. కార్డు తెరిస్తే వెజ్ మంచూరియా, పనీర్ బటర్ మసాలా, ఫ్రైడ్ రైస్, నూడుల్స్, చికెన్ 65, నార్త్ ఇండియన్ థాలీ. ఆ కార్డు చూసి అది ఏ ఊరో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. సర్వపిండి ఉందా అని అడిగాను. వడ్డించే అబ్బాయి నవ్వి, "అది ఇంట్లో చేసుకునేది కదమ్మా" అన్నాడు. ఏ ఊరు బాబూ నీది అంటే, పక్క ఊరే అన్నాడు. మీ అమ్మ చేస్తుందా అంటే, చాలా బాగా చేస్తుందన్నాడు. కిలోమీటరు దూరంలో చేయి తిరిగిన వంటమనిషి ఉంది, ఇక్కడ ఆకలితో కూర్చున్న మేమున్నాం. మధ్యలో ఎక్కడో ఫ్రీజరు పెట్టె నుంచి వచ్చిన పనీరు ఉంది.

ఇదేదో కొత్త కోరిక అనుకోకండి. ఓరుగల్లుకు వచ్చినవాడు డబ్బులిచ్చి ఏం తిన్నాడో మన సాహిత్యంలోనే రాసి ఉంది. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం చదివినవారికి మంచనశర్మ, టిట్టిభసెట్టి గుర్తుంటారు. కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరిగే ఇద్దరు స్నేహితులు. అందులో పూటకూళ్ల ఇంటి పద్యం ఒకటి ఉంది. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక రూకకు ఏమేమి పెడతారో వరుసగా చెబుతుంది: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డపెరుగు. చూశారా, బియ్యం ఏ రకమో కూడా చెప్పాడు. ధర చెప్పాడు. ఎవరింట్లో తినాలో చెప్పాడు. ఆరువందల ఏళ్ల కిందటి కవికి ఉన్న శ్రద్ధ ఇప్పుడు ఆ ఊళ్లోనే భోజనశాల తెరిచేవారికి ఎందుకు ఉండకూడదు? నన్నడిగితే ఆ పద్యాన్ని కోటలోకి వెళ్లే దారిలో పెద్ద రాతి మీద చెక్కించి పెట్టాలి. ఊరు మీద వచ్చిన మొట్టమొదటి హోటల్ సమీక్ష అది.

మ్యూజియంలకూ భోజనానికీ సంబంధం ఏమిటని మీలో ఎవరైనా అనవచ్చు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వారిని అడగండి. ప్రపంచంలో మొదటి మ్యూజియం భోజనశాల తమదేనని వారు చెప్పుకుంటారు. 1860లలో పేరున్న కళాకారులతో అలంకరింపజేసిన భోజనపు గదులు అక్కడ ఇప్పటికీ నడుస్తున్నాయి. మనకు ఇంకా దగ్గరగా ఉండే ఉదాహరణ వాషింగ్టన్‌లో ఉంది. అమెరికా మూలవాసుల జాతీయ మ్యూజియం అక్కడ 2004లో తెరిచారు. అందులో మిట్సిటామ్ అనే భోజనశాల ఉంది. లోపల ఏ జాతుల వస్తువులు చూస్తారో ఆ జాతుల వంటలే ఇక్కడ తింటారు, అదీ ప్రాంతాల వారీగా. మేడారంలో మనకూ గిరిజన మ్యూజియం ఉంది. కోయల జీవితాన్ని అద్దాల వెనుక నుంచి చూసి బయటికి వచ్చినవారికి ఒక గిన్నెడు జొన్న గటక, కాస్త మజ్జిగ దొరికితే ఆ చూసినదానికి ప్రాణం వస్తుంది. జోడేఘాట్‌లో కుమ్రం భీం స్మారక మ్యూజియం ఉంది. అదే ఉమ్మడి ఆదిలాబాద్ ప్రాంతంలో, ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఆ లడ్డూ ఆ మ్యూజియం గుమ్మంలో దొరకాలంటే కావలసింది ఒక బల్ల, ఒక సీసా, కూర్చునే మనిషి. ఇంతకంటే చిన్న ప్రాజెక్టు మీ దగ్గరికి ఎప్పుడైనా వచ్చిందా?

సమస్య ఎక్కడుందో నాకు తోచింది చెబుతాను. వంటల జాబితా రాసేది వంటవాడు కాదు, టెండరు. ఎక్కువ అద్దె కట్టేవారికి భోజనశాల ఇస్తామన్న షరతు ఒక్కటే ఉన్నప్పుడు, ఎక్కువ అద్దె కట్టగలిగినవాడే వస్తాడు. వాడు ఆ అద్దె రాబట్టుకోవాలి. ఏ ఊళ్లోనైనా అమ్ముడుపోయేవే వండుతాడు, ఏ వంటవాడైనా చేయగలిగేవే వండుతాడు, పాడుకాకుండా ఫ్రీజరులో నిలవుండేవే కొంటాడు. అతని తప్పేమీ లేదు. మీరు అడిగినది అద్దె, అతను ఇచ్చేది అద్దె. స్థానిక వంటలు ఇన్ని ఉండాలి, వాటిని స్థానికులే వండాలి, ధర ఇంతకు మించకూడదు అని మీరు అడిగిననాడు వాటికీ మనుషులు ముందుకు వస్తారు. అద్దెకు సగం మార్కులు, భోజనానికి సగం మార్కులు వేసే టెండరు రాయడం అసాధ్యమేమీ కాదు. రుచి చూసి మార్కులు వేయడానికి మనిషి కావాలంటే, ఎండలో తిరిగి ఆకలితో వచ్చిన పర్యాటకులు రోజూ దొరుకుతారు.

వండేవారి కొరత కూడా లేదు. స్వయం సహాయక సంఘాల మహిళలతో ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు 2024లోనే రాష్ట్రంలో మొదలయ్యాయి. దారి వేసి ఉంది. రామప్ప గుడి ఉన్న పాలంపేట, ములుగు, ఖిలా వరంగల్ మహిళా సంఘాలకు ఆ దారి చూపించండి. అయితే వారికి ఇడ్లీ, వడ, టీ అమ్మే కౌంటరు ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. ఖిలా వరంగల్ సంగతి ఇంకా వింత. అక్కడ కోట గోడల లోపలే ఊరు ఉంది. ఇళ్లున్నాయి, పొయ్యిలున్నాయి, సంక్రాంతికి ఇంటింటా సకినాలు చుట్టే చేతులున్నాయి. వందల అడుగుల దూరంలో తోరణాల కింద ఫొటోలు తీసుకుంటున్న జనం పాకెట్ చిప్స్ నములుతుంటారు.

ఇక మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. ఈ వంటలు హోటలుకు పనికిరావు అంటారు. కొంతవరకు నిజమే. సర్వపిండి సంగతే తీసుకోండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, వెల్లుల్లి, కారం వేసి ముద్ద కలిపి, గుండ్రటి అడుగున్న గిన్నె లోపల పలుచగా అద్దాలి. వేలితో చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద కాల్చాలి. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి. తొందరపెడితే మాడుతుంది. పైగా పిండి అద్దేటప్పుడు గిన్నె చల్లగా ఉండాలి. ఒకటి తీశాక గిన్నెను నీళ్లలో పెట్టి చల్లార్చి రెండోది అద్దాలి. ఒకే గిన్నెతో కూర్చుంటే గంటకు నలుగురికి కూడా పెట్టలేం, ఒప్పుకుంటాను. పది గిన్నెలు, నాలుగు పొయ్యిలు ఉంటే? ఇద్దరు అద్దుతుంటే, ఒకరు కాలుస్తుంటే? మన పెళ్లిళ్లలో వందల మందికి బగారా అన్నం, దాల్చా, బొబ్బట్లు వేళకు వడ్డించే మనుషులకు ఇదొక లెక్కా?

అన్నీ అంత కష్టం కూడా కాదు. సకినాలు వారాల తరబడి నిలవుంటాయి. కొత్త బియ్యం నానబెట్టి దంచి, వాము, నువ్వులు కలిపి, గుడ్డ మీద చుట్లు చుట్టి, కాస్త ఆరాక నూనెలో వేయించినవి డబ్బాలో పెడితే చుట్టాలు తమ ఊరికి కట్టుకుపోతారు. పచ్చిపులుసుకు పొయ్యితో పెద్ద పని కూడా లేదు: చింతపండు పులుసు, ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, కొంచెం నువ్వుల పొడి. మే నెల ఎండలో రామప్ప రాతి మీద అరికాళ్లు కాలి వచ్చినవారికి ముద్దపప్పు అన్నంలో ఇంత పచ్చిపులుసు పోస్తే కళ్లు తెరుచుకుంటాయి. వానాకాలంలో మక్క గారెలు. చింతచిగురు వచ్చినప్పుడు చింతచిగురు పప్పు. వేసవిలో తాటిముంజలు, చలికాలం ముందు సీతాఫలాలు. ఏడాది పొడుగునా ఒకే కార్డు ఉండాలన్న నియమం ఎవరు పెట్టారు? ఒక నల్లబల్ల, సుద్దముక్క చాలు. ఆ రోజు ఉన్నవి రాస్తారు, అయిపోయినవి చెరిపేస్తారు.

మాంసం తినేవారికి ఇంకా గొప్ప జాబితా ఉంది. రామప్ప, లక్నవరం, పాకాల చెరువులు కాకతీయుల కాలంలో తవ్వించినవి. వాటి కింద ఇప్పటికీ వరి పండుతోంది, వాటిలో ఇప్పటికీ చేపలు పడుతున్నారు. కొర్రమీను మన రాష్ట్ర చేప. గుడిని కట్టినవారే తవ్విన చెరువులోని చేపను, ఆ చెరువు నీటితో పండిన అన్నంలో, ఆ చెరువు గట్టు కనబడేలా కూర్చుని తినడం ఎన్ని దేశాల్లో సాధ్యం? మన గైడ్లు ఇసుక పునాది గురించి పావుగంట చెబుతారు. ఈ చెరువు గురించి అరనిమిషం చెబుతారు. శిల్పం పాతదే, నిజమే. కాని ఆ కాలం నుంచి ఆగకుండా పనిచేస్తున్నది చెరువు. దాని రుచి చూపించే అవకాశం మధ్యాహ్న భోజనానిదే.

కారం సంగతి వేరే చెప్పాలి. మన చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటలా బొద్దుగా, ఎర్రగా ఉంటుంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూస్తే ఎర్రటి గుట్టలు కనబడతాయి. తెలంగాణ వంట అంటే కారం, మేము తినలేం అని భయపడే బయటివారికి ఇంతకంటే మంచి జవాబు ఉండదు. ఆ కారంతో పెట్టిన మామిడికాయ పచ్చడి చిన్న సీసాల్లో మ్యూజియం అమ్మకపు బల్ల మీద ఉంటే, పక్కన పెంబర్తి ఇత్తడి బొమ్మలు, వరంగల్ తివాచీలు ఉంటే, వచ్చినవారు ఉత్త చేతులతో వెళ్లరు. ఇప్పుడు అక్కడ ఏమమ్ముతున్నారో మీకూ తెలుసు. ప్లాస్టిక్ కత్తులు, బుడగల తుపాకులు.

జనం రారేమో అన్న భయం ఉంటే ఒకసారి నిజామాబాద్ వైపు వెళ్లి రండి. ఆర్మూరు దగ్గర అంకాపూర్ అనే పల్లె ఉంది. దానికి కోట లేదు, తోరణం లేదు, యునెస్కో లేదు. దేశీ కోడి కూర ఉంది. ముందు ఫోన్ చేసి చెబితే కోడిని కోసి, వండి, అన్నంతో సహా కట్టి ఇస్తారు. దాని కోసమే జనం కార్లు వేసుకుని దారి మళ్లి వెళతారు. మనకు గుడీ ఉంది, కోటా ఉంది, కోడీ ఉంది. కోడి ఒక్కటే చికెన్ 65 అయిపోయింది.

ఒక విన్నపం మాత్రం గట్టిగా చేస్తాను. దయచేసి దీన్ని "కాకతీయ రాయల్ హెరిటేజ్ థాలీ" చేయకండి. నా ఉత్తరం చదివి ఎవరో ఒక సలహాదారు వెంటనే ఆ పని చేస్తాడని నాకు భయం. ఇత్తడి పళ్లెం, వడ్డించేవాడికి తలపాగా, వెనుక వీణ, ధర చూస్తే కళ్లు తిరగాలి. రాణి రుద్రమదేవి ఏం తిన్నదో ఎవరికీ తెలియదు, ఆమె పేరు చెప్పి పులావు అమ్మవద్దు. నేను అడుగుతున్నది ఈ ఊళ్లో ఈ రోజు ఇళ్లలో తినే భోజనం. స్టీలు పళ్లెంలో పెట్టినా చాలు. దాన్ని కారులో వచ్చినవారూ, వారిని తెచ్చిన డ్రైవరూ ఒకే బల్ల మీద కూర్చుని కొనుక్కోగలగాలి. ఇప్పుడు చాలా చోట్ల డ్రైవరు బయట టీ కొట్టు దగ్గర బన్ను తింటూ కనబడతాడు. (హైదరాబాద్ బిర్యానీ మీద నాకు పగ లేదు. అది హైదరాబాద్‌లో తింటాను.)

ఇక పిల్లల సంగతి. చలికాలం వచ్చిందంటే బడి బస్సులు వరుసకట్టి వస్తాయి. పిల్లలు ఇంటి నుంచి టిఫిను డబ్బాలు తెచ్చుకుంటారు: పులిహోర, పెరుగన్నం, పూరీ. వారికి హోటలు అక్కర్లేదు. కూర్చునే నీడ కావాలి. రక్షిత కట్టడం లోపల నిర్దేశించిన చోట తప్ప వండుకోవడం, తినడం కుదరదని 1959 నాటి నిబంధనలు చెబుతాయి. మంచి నిబంధనే. వేయిస్తంభాల మండపంలో పులిహోర మెతుకులు పడాలని నేనూ కోరుకోను. కాని ఆ నిబంధనే "నిర్దేశించిన చోట" అన్నప్పుడు ఆ చోటు ఎక్కడో చూపించాలి కదా? చూపించకపోతే టీచర్లు ఏం చేస్తారు? పిల్లలను రోడ్డు పక్కన, బస్సు నీడలో, దుమ్ములో కూర్చోబెడతారు. నాలుగు స్తంభాల మీద ఒక కప్పు, పొడవాటి అరుగు, చేతులు కడుక్కోవడానికి నల్లాలు, తాగడానికి మంచినీరు, చెత్తబుట్టలు, శుభ్రంగా ఉండే మరుగుదొడ్డి. భోజనశాల కట్టినా కట్టకపోయినా ఇది ముందు కట్టండి. తన దగ్గర కొననివారిని ఇక్కడి నుంచి తరిమే అధికారం భోజనశాల గుత్తేదారుకు ఉండకూడదని ఒప్పందంలో రాయండి.

కట్టడానికి చట్టం అడ్డు వస్తుందన్న మాట కూడా ముందే చెబుతాను, మీకు శ్రమ తగ్గుతుంది. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకుని కట్టాలి. అంటే 300 మీటర్ల అవతల ఈ చట్టం మీ చేయి పట్టుకోదు. గుడి చూసి అంత దూరం ఊళ్లోకి నడిచి రావడం అసలు మంచిది. దారిలో నాలుగు ఇళ్లు, ఒక కిరాణా కొట్టు, ఒక చింతచెట్టు కనబడతాయి. వచ్చినవాడి డబ్బు ప్రహరీ లోపలే ఆగిపోకుండా పాలంపేటలోకి రెండడుగులు వేస్తుంది.

మొత్తం ఉత్తర తెలంగాణకు పెద్ద పథకం ఒకటి తయారుచేయమని నేను అడగడం లేదు. పథకం అంటే నివేదిక, నివేదిక అంటే కమిటీ, కమిటీ అంటే వచ్చే ఏడాది. ఒక్క చోట మొదలుపెట్టండి. రామప్ప దగ్గర, వచ్చే సంక్రాంతి సెలవుల లోపల, ఒక మహిళా సంఘానికి, ఆరునెలలు అద్దె లేకుండా. పప్పు, పచ్చిపులుసు, ఒక కూర, ఒక చేప పులుసు, సర్వపిండి. ఆరునెలల లెక్కలు ఊరి పంచాయతీ గోడ మీద అతికించండి. నష్టం వస్తే మూసేయండి, నేను మళ్లీ ఉత్తరం రాయను.

ఈ పని మీలో ఏ కార్యాలయానిదో తేలగానే ఒక్క ముక్క తెలియజేస్తే, ఆ కార్యాలయం పేరుతో, అడిగిన నమూనాలో, అడిగినన్ని ప్రతులతో ఇదే విన్నపాన్ని మళ్లీ రాసి ఇస్తాను.

ఇట్లు,
హనుమకొండ వాసి, వచ్చినవారందరికీ చిన్నమ్మ